మూడు కెమెరాలు, గంటా నలభై నిమిషాలు: రాక్ షో రికార్డు చేసిన నా అనుభవం

దీపావళికి నాలుగు రోజుల ముందు, 2024 అక్టోబర్ 27న మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, నవంబర్ 23న మా బ్యాండ్ షో ఉంది, నువ్వు షూట్ చేసి పెడతావా?" అని. వాడు డ్రమ్స్ వాయిస్తాడు. బ్యాండ్‌లో ఐదుగురు, పాటలు ఎక్కువగా తెలుగులో వాళ్లు సొంతంగా రాసుకున్నవే. లీడ్ గిటార్ వాయించే అబ్బాయి మార్చిలో ఎమ్మెస్ చదవడానికి జర్మనీ వెళ్లిపోతున్నాడు. అంటే ఈ ఐదుగురూ కలిసి వాయించే చివరి పెద్ద షో ఇదే, మళ్లీ తీద్దామంటే కుదరదు. ఆ మాట విన్నాక కాదనలేకపోయాను.

నాకు కెమెరా అనుభవం అంటే రెండు షార్ట్ ఫిలిములు, ఒక చెల్లెలి పెళ్లి వీడియో, అంతే. ఇంకో ఇద్దరిని కలుపుకున్నాను. ఒకరు బ్యాంకులో పనిచేసే నా ఫ్రెండ్, ఇంకొకరు మా ఆఫీసులో పక్షుల ఫొటోలు తీసే కొలీగ్. ముగ్గురిలో ఎవరమూ అంతకుముందు రాక్ షో షూట్ చేయలేదు. చేయబోయేవాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నవంబర్ 9న ఉప్పల్‌లో వాళ్ల రిహార్సల్‌కి వెళ్లాను. మేం చేసిన పనుల్లో బాగా ఉపయోగపడింది అదే. ఫోన్‌తో మొత్తం రికార్డు చేసుకుని, ఇంటికొచ్చాక ఒక్కో పాటకి ఒక్కో కాగితం రాసుకున్నాను: ఏ నిమిషంలో గిటార్ సోలో వస్తుంది, ఎక్కడ డ్రమ్స్ ఒక్కటే మిగులుతుంది, బేస్ వాయించే అమ్మాయి ఏ లైనుకి గొంతు కలుపుతుంది ఇలాగ. పదహారు పాటలు, పదహారు కాగితాలు. షో రోజు చీకట్లో అవి ఎలాగూ చదవలేకపోయాం గానీ, రాయడంలోనే సగం నోటికి వచ్చేశాయి.

కెమెరాల సంగతి. నా మిర్రర్‌లెస్ ఒకటి, కొలీగ్ దగ్గరున్న పాత డీఎస్‌ఎల్ఆర్ ఒకటి. మూడోది దూరం నుంచి దగ్గరగా చూపించే 70-200 లెన్స్‌తో కలిపి కోఠిలో అద్దెకు తీసుకున్నాం. బాడీకి 1,800, లెన్స్‌కి 1,200, చేతిలో పట్టుకునే సౌండ్ రికార్డర్‌కి 500. శుక్రవారం సాయంత్రం తీసుకుని ఆదివారం పొద్దున 11 లోపు తిరిగి ఇస్తే ఒక్క రోజుకే లెక్క. పదివేలు డిపాజిట్ అడుగుతారని ముందే తెలుసు గానీ ఒరిజినల్ ఐడీ కార్డు కూడా వాళ్ల దగ్గరే ఉంచమన్నారు, అది ఊహించలేదు. సామాను తీసుకునేటప్పుడే లెన్స్ మీది గీతలన్నీ షాపు అతని ముందే ఫోన్‌లో వీడియో తీసుకోండి. మేం తీసుకున్నాం, ఆదివారం ఆ వీడియో చూపించాల్సి వచ్చింది కూడా.

షో రోజు మధ్యాహ్నం రెండింటికే వెళ్లిపోయాం. ఓపెన్ ఎయిర్ ప్లేస్ అది, నాలుగు వైపులా గోడలు, మధ్యలో పెద్ద వాకిలి లాంటి స్థలం, ఒక మూడు వందల మంది పడతారు. సౌండ్ చెక్ మూడింటికి అన్నారు, మొదలైంది ఐదున్నరకి. ఈ రెండున్నర గంటలు వృథా అనుకోకండి, మాకు అన్ని పనులూ అప్పుడే అయ్యాయి.

మొదటి పని కరెంటు. స్టేజ్ దగ్గరున్న ప్లగ్గులన్నీ 15 యాంపువి, మా చార్జర్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డులు అన్నీ 5 యాంపు పిన్నులు. కెమెరాల గురించి నెల రోజులు చదివాం గానీ ఈ పిన్ను సంగతి ఎవరికీ తట్టలేదు. కొలీగ్ బండి వేసుకుని వెళ్లి ఎలక్ట్రికల్ షాపులో కన్వర్టర్లు కొనుక్కొచ్చాడు, మూడింటికి 240 రూపాయలు. అలాగే ఫోమ్ ఇయర్ ప్లగ్గులు, జత ఇరవై. ఆ ఇరవై రూపాయలు మాత్రం మిగుల్చుకోవద్దు. నేను స్పీకర్ల ముందు నిలబడి పాటల మధ్యలో ఎడమ చెవిది తీసేశాను, రెండు రోజుల పాటు ఆ చెవిలో సన్నగా కూత పెడుతూనే ఉంది, చాలా భయపడ్డాను.

రెండో పని ట్రైపాడ్. వాకిట్లో చెక్కల ప్లాట్‌ఫాం మీద పెడితే, బేస్ గిటార్ ఒక్క తీగ మీటగానే ఫ్రేమ్ మొత్తం వణికింది. ప్లాట్‌ఫాం మీంచి దించి, అన్ని మైకుల సౌండ్‌నీ కలిపే మిక్సర్ టేబుల్ పక్కన గచ్చు మీద పెట్టి, నా ఫ్రెండ్ వాళ్లింట్లోంచి తెచ్చిన పది కిలోల బియ్యం సంచి మధ్యలో వేలాడదీశాం. తర్వాత కదల్లేదు.

మూడోది సౌండ్. ఇక్కడే మాకు అన్నిటికన్నా పెద్ద పాఠం దొరికింది. మిక్సర్ నుంచి ఒక వైరు లాగితే శుభ్రమైన సౌండ్ వచ్చేస్తుందని నేను అనుకున్నాను. సౌండ్ ఇంజనీర్ పెద్దాయన, ఓపికగా చెప్పాడు. "అమ్మా, నేను ఇచ్చే మిక్స్ ఈ వాకిట్లో నిలబడ్డవాళ్ల కోసం. గిటార్ యాంప్లిఫయర్ స్టేజ్ మీదే గట్టిగా మోగుతుంది కాబట్టి నేను దాన్ని స్పీకర్లలో పెంచను. నువ్వు అది తీసుకెళ్తే గొంతు ఒక్కటే వినిపిస్తది, గిటార్ ఎక్కడో పక్కింట్లో ఉన్నట్టు ఉంటది." మరి ఎలా అని అడిగితే, ఆయన మిక్సర్‌కి యూఎస్‌బీతో ల్యాప్‌టాప్ పెట్టి ఒక్కో మైకు ఒక్కో ట్రాక్‌గా రికార్డు చేసుకోవచ్చన్నాడు. మొత్తం 22 ట్రాకులు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ క్వాలిటీలో గంటా నలభై నిమిషాలకి దాదాపు 19 జీబీ అయింది. ఇంకో మాట కూడా ఆయనే చెప్పాడు: "జనం సౌండ్ వేరేగా తీసుకో, లేకపోతే రూములో కూర్చుని వాయించినట్టు ఉంటది." అందుకే ఆ అద్దె రికార్డర్‌ని మిక్సర్ టేబుల్ దగ్గర ఎత్తుగా కట్టేశాం. ఆయన ఆ మాట చెప్పకపోయి ఉంటే మా వీడియోలో ప్రాణం ఉండేది కాదు, ఎందుకో తర్వాత చెప్తాను.

లైట్ల అన్నతో కూడా మాట్లాడాం. నీలం, ఎరుపు లైట్లు కంటికి బాగుంటాయి గానీ కెమెరాలో మొహం మొత్తం ఒకే రంగు ముద్దలా కనిపిస్తుంది, ముక్కు ఎక్కడుందో కూడా తెలియదు. పాడే అబ్బాయి మొహం మీద ఒక్క వెచ్చటి తెల్ల లైటు ఎప్పుడూ ఉంచమని బతిమాలాం. కలిసి టీ తాగాక ఒప్పుకున్నాడు, మాట కూడా నిలబెట్టుకున్నాడు.

ఏడింటికి అన్న షో 8:05కి మొదలైంది. బయట లౌడ్‌స్పీకర్లు రాత్రి పదికల్లా ఆపేయాలి కాబట్టి అప్పటికప్పుడు రెండు పాటలు తీసేశారు. ఏవి తీసేశారో మాకు చెప్పడానికి ఎవరికీ తీరిక లేదు. నాలుగో పాట మొదలయ్యాక గానీ నాకు అర్థం కాలేదు, నేను వేరే పాట కోసం కీబోర్డు వైపు నిలబడి ఉన్నానని.

ఫ్రెండ్ వెనకాల, స్టేజ్ మొత్తం కనిపించే వైడ్ షాట్ దగ్గర, కొలీగ్ పెద్ద లెన్స్‌తో కుడివైపు, నేను పాత డీఎస్‌ఎల్ఆర్ చేత్తో పట్టుకుని స్టేజ్ ముందు. మొదటి అరగంట నాకు ఒళ్లంతా చెమట, చేతులు వణుకు. పొగ మిషన్ వదిలినప్పుడల్లా ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంది, మాన్యువల్‌కి మార్చేశాను. ఆ పాత కెమెరా 29 నిమిషాల 59 సెకన్లకి దానంతటదే ఆగిపోతుంది. ఆ సంగతి తెలుసు, ఫోన్‌లో అలారం కూడా పెట్టుకున్నాను. కానీ ఆ హోరులో జేబులో ఫోన్ మోగితే ఎవరికి వినిపిస్తుంది? వైబ్రేషన్ అనుకున్నా, ఒళ్లంతా బేస్‌తో ఊగుతూనే ఉంది.

తొమ్మిదో పాట. టైము 9:09. రెండో చరణం అయిపోయి అందరూ కలిసి పాడే చోటు. ఉన్నట్టుండి స్పీకర్లు ఆగిపోయాయి, గిటార్ యాంప్లిఫయర్లూ ఆగిపోయాయి. లైట్లు మాత్రం వేరే లైను మీద ఉన్నాయి కాబట్టి వెలుగుతూనే ఉన్నాయి. ఒక్క సెకను ఎవరికీ ఏమీ తెలియలేదు. మా తమ్ముడు మాత్రం ఆపలేదు. డ్రమ్స్‌కి కరెంటు అక్కర్లేదు కదా, తల పైకెత్తి ఒకసారి గిటార్ అబ్బాయి వైపు చూసి అదే తాళం కొడుతూ పోయాడు. ముందు వరసలో ఎవరో పల్లవి అందుకున్నారు. తర్వాత పక్కవాళ్లు. ఒక పది సెకన్లలో ఆ వాకిలి మొత్తం పాడుతోంది, మైకు చేతిలో ఉండి కూడా పాడే అబ్బాయి ఒట్టి గొంతుతో వాళ్లతో కలిసి పాడుతున్నాడు. నాకు కళ్లలో నీళ్లు వచ్చేశాయి. సరిగ్గా యాభై సెకన్లు. కరెంటు వచ్చేసరికి గిటార్ సరిగ్గా దాని చోటే అందుకుంది, జనం అరిచిన అరుపుకి గోడలు అదిరాయి.

అప్పుడు కెమెరా వైపు చూసుకున్నాను. స్క్రీన్ మీద ఎర్ర చుక్క లేదు. నాలుగు నిమిషాల క్రితమే ఆగిపోయింది.

కుడివైపు చూస్తే కొలీగ్ బ్యాటరీ మారుస్తున్నాడు.

మిగతా షో ఎలా తీశానో నాకు సరిగ్గా గుర్తులేదు. 9:45కి అయిపోయింది. చివర్లో ఇంకో దెబ్బ. కొలీగ్ తన సొంత 64 జీబీ కార్డు వేసుకున్నాడు. ఫోర్‌కేలో సెకనుకి 100 మెగాబిట్లు చొప్పున గంటకి 45 జీబీ అవుతుంది, అంటే ఆ కార్డు గంటా ఇరవై ఐదు నిమిషాలకే నిండిపోతుంది. కొత్తగా కొన్న 128 కార్డు నా బ్యాగులో ఉంది, నేను జనం అవతల ఉన్నాను. చివరి రెండు పాటలకి ఆ యాంగిల్ లేనే లేదు. కార్డులు ఎవరి జేబులో వాళ్లకి ముందే పంచేయండి.

సామాను సర్దుకుంటూ బ్యాంక్ ఫ్రెండ్‌ని అడగడానికి కూడా ధైర్యం చాల్లేదు. తనే చెప్పింది, "నాది మొదటి నుంచీ ఆగలేదు. కరెంటు పోయినప్పుడు నాకు ఏం చేయాలో తెలియలేదు, అందుకే ముట్టుకోలేదు." అక్కడే రోడ్డు మీద తనని గట్టిగా పట్టేసుకున్నాను.

ఆ రాత్రే రెండింటి దాకా కూర్చుని అన్నీ రెండు చోట్లకి కాపీ చేశాం. 2 టీబీ హార్డ్‌డిస్క్ 5,800 పెట్టి కొన్నాం. రెండు కాపీలు తెరిచి చూసుకునేదాకా కార్డులు ఖాళీ చేయలేదు.

ఎడిటింగ్ డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో చేశాను. నా ల్యాప్‌టాప్‌కి ఫోర్‌కే మూడు వరసలు ఆడించే సత్తా లేదు, అందుకని ముందు ప్రాక్సీలు, అంటే వీడియోలకి చిన్న సైజు నకళ్లు తయారు చేయమని పెట్టి పడుకున్నాను, పదకొండు గంటలు పట్టింది. అప్పుడు బయటపడింది, నా చేతిలోని డీఎస్‌ఎల్ఆర్ సెకనుకి 30 ఫ్రేముల మీద, షటర్ (ఒక్కో ఫ్రేముకి వెలుతురు పడే సమయం) సెకనులో 1/60 వంతు మీద ఉందని. మిగతా రెండూ 25 ఫ్రేములు, 1/50. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 1/60లో తీస్తే వాకిట్లో ఉన్న పాత ట్యూబులైట్లు పడ్డ చోటల్లా నల్లటి పట్టీలు మెల్లగా పైకి పాకుతూ కనిపిస్తాయి. స్టేజ్ లైట్ల కింద పరవాలేదు గానీ, జనం వైపు తిప్పిన షాట్లు సగం పైగా పక్కన పడేయాల్సి వచ్చింది. ఆ షాట్లలో భుజాల మీద కూర్చున్న ఒక చిన్నపాప ఉంది, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చప్పట్లు కొడుతూ. ఆ పట్టీలతోనే రెండు సెకన్లు వాడాను, వదల్లేకపోయాను.

సింక్, అంటే బొమ్మనీ సౌండ్‌నీ సరిగ్గా కలపడం దగ్గర వారం రోజులు కొట్టుకున్నాను. సాఫ్ట్‌వేర్ కెమెరా సౌండ్‌ని మిక్సర్ సౌండ్‌తో పోల్చి దానంతటదే కలిపేస్తుంది. కలిపింది కూడా. కానీ వైడ్ షాట్‌లో ఏదో తేడా కొడుతోంది, ఏంటో తెలియట్లేదు. స్నేర్ డ్రమ్ మీద కర్ర పడేచోట ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ చూశాను. కర్ర చర్మాన్ని తాకింది, తర్వాత ఫ్రేమ్‌లో పైకి లేచింది, అప్పుడు 'ఠప్' అని వినిపించింది. వైడ్ కెమెరా స్టేజ్‌కి 25 మీటర్ల దూరంలో ఉంది. శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు వెళ్తుంది, అంటే అక్కడికి చేరడానికి 70 మిల్లీసెకన్ల పైమాట, 25 ఫ్రేముల లెక్కలో దాదాపు రెండు ఫ్రేములు. కెమెరా మైకుకి ఆలస్యంగా వినపడ్డ దెబ్బని సాఫ్ట్‌వేర్ అసలు దెబ్బతో కలిపేసరికి బొమ్మ రెండు ఫ్రేములు ముందుకి వచ్చేసింది. వైడ్ షాట్‌ని రెండు ఫ్రేములు వెనక్కి జరపగానే కర్రా చప్పుడూ ఒక్కటయ్యాయి. ఆ రాత్రి ఎంత సంతోషం వేసిందో, ఒంటిగంటకి తమ్ముడికి ఫోన్ చేసి నిద్ర లేపాను. ఇంకోటి, అద్దె రికార్డరూ ల్యాప్‌టాపూ మొదట్లో సరిగ్గా కలిసినా షో చివరికి నాలుగు ఫ్రేముల తేడా వచ్చేసింది, రెండిటి గడియారాలు ఒకేలా నడవవు. అందుకని ఏ పాటకి ఆ పాట విడిగా కలుపుకున్నాను.

22 ట్రాకులు మిక్స్ చేసింది పాడే అబ్బాయి స్నేహితుడు, ఇంట్లోనే చిన్న స్టూడియో ఉంది. మూడు వారాలన్నాడు, ఐదు వారాలు పట్టింది, డిసెంబర్ 29న వచ్చింది. ఆ ఎదురుచూపు కష్టం, సౌండ్ తుది రూపం రాకుండా కట్స్ వేస్తే మళ్లీ వేయాల్సిందే. ఈలోపు ఒక గొడవ. పాడే అబ్బాయికి మూడు పాటల్లో శ్రుతి తప్పిన చోట్లు నచ్చలేదు, స్టూడియోలో మళ్లీ పాడి అతికిస్తానన్నాడు. చాలామంది అలాగే చేస్తారని నాకూ తెలుసు. నేను వద్దన్నాను. మొహంలో ఆ కష్టం కనిపిస్తుంటే గొంతులో లేకపోతే చూసేవాళ్లకి తెలిసిపోతుంది. రెండు రోజులు మాట్లాడుకోలేదు. చివరికి మైకు వైరు గరగరమన్న రెండు లైన్లు మాత్రం మళ్లీ పాడాడు, మిగతాది ఆ రాత్రి పాడిందే.

జనవరి 12కి మొదటి కూర్పు అయింది. కాలు ఊపేలా ఉండాలని ప్రతి దెబ్బకీ కట్ వేసేశాను, రెండు సెకన్లకి మించి ఏ షాటూ లేదు. సంక్రాంతికి ఖమ్మం వెళ్లి అమ్మకి చూపించాను. అమ్మ మూడు పాటలు చూసి, "ఆ పిల్లాడి మొహం చూసేలోపే మార్చేస్తున్నావేంటే? ఏం దాస్తున్నావు?" అంది. నిజమే, నేను దాస్తూనే ఉన్నాను, పోయిన షాట్లన్నీ ఆ వేగంలో కప్పేద్దామని చూశాను. హైదరాబాద్ వచ్చి మొదటి నుంచీ మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి గిటార్ సోలో మొత్తం రెండే షాట్లు.

ఇక ఆ యాభై సెకన్లు. మిక్స్ చేసి ఇచ్చిన పాటలో కరెంటు పోయినట్టే తెలియట్లేదు! మిక్సర్‌కీ ల్యాప్‌టాప్‌కీ యూపీఎస్ ఉంది, పాడే మైకూ డ్రమ్స్ మైకులూ ఏమీ జరగనట్టు రికార్డు అవుతూనే ఉన్నాయి. గిటార్లు మాత్రం ఎవరో తీసేసినట్టు లేవు, గొంతు దగ్గర నుంచి గట్టిగా, శుభ్రంగా వినిపిస్తోంది. ఆ రాత్రి అక్కడ నిలబడ్డవాళ్లెవరూ విననిది అది. మూడు రోజులు ఏవేవో చేసి చూశాను. చివరికి స్పీకర్లు ఆగిన క్షణం దగ్గర 22 ట్రాకులూ ఒక్కసారిగా కిందికి దించేసి, ఎత్తున కట్టిన ఆ అద్దె రికార్డర్ ఒక్కటే ఉంచాను. దూరంగా డ్రమ్స్, దగ్గరగా జనం, ఆ గొంతుల మధ్య ఎక్కడో సన్నగా పాడే అబ్బాయి. బొమ్మ మొత్తం వైడ్ షాటే, ఒక్క కట్ కూడా లేదు.

ఫిబ్రవరి 16న, ఆదివారం సాయంత్రం, ఐదుగురినీ ఇంటికి పిలిచి టీవీలో చూపించాను. ఖర్చు లెక్క కూడా అప్పుడే తేల్చుకున్నాం: అద్దెలు 3,500, రెండు కార్డులు 3,000, హార్డ్‌డిస్క్ 5,800, పిన్నులూ ఇయర్ ప్లగ్గులూ 300, ఆటోలూ తిండీ 1,150, మొత్తం 13,750. బ్యాండ్ 6,000 ఇచ్చింది, మిగతాది మేం ముగ్గురం వేసుకున్నాం. మిక్సింగ్ అబ్బాయికి వాళ్లు విడిగా 5,000 ఇచ్చుకున్నారు. యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు ఒక మాట: వాళ్లు వాయించిన సినిమా పాటలు రెండింటికీ పెట్టిన కొన్ని గంటలకే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. వీడియోలు ఉంటాయి, డబ్బులు వస్తే పాట హక్కుదారులకి వెళ్తాయి, అంతే. సొంత పాటలకి ఏ ఇబ్బందీ రాలేదు.

చూస్తున్నంతసేపూ అల్లరి చేసినవాళ్లు తొమ్మిదో పాట దగ్గర ఎవరూ మాట్లాడలేదు. అయిపోయాక గిటార్ అబ్బాయి నా దగ్గరికొచ్చి, "అక్కా, ఎడిట్ చేసింది కాదు, ఆ వెనక కెమెరాది మొత్తం కావాలి, మొదటి నుంచి చివరిదాకా," అని తన హార్డ్‌డిస్క్ చేతికిచ్చాడు. 75 జీబీ. కాపీ అవుతుంటే అందరూ కింద కూర్చుని బిర్యానీ తిన్నారు, అతను మాత్రం ప్లేటు పట్టుకుని ల్యాప్‌టాప్ పక్కనే కూర్చున్నాడు, ఆ పచ్చగీత చివరికి వచ్చేదాకా.